టెర్మినేటర్ టైమ్‌లైన్లు బుర్రకెక్కట్లేదా? బెజవాడ జంక్షన్ పద్ధతిలో చిక్కు తీద్దాం రండి

దసరా సెలవులకి మా మేనల్లుడు వచ్చాడు, ఇంటర్ సెకండియర్. నాలుగు రోజులు రూమ్‌లోంచి బయటికి రాకుండా టెర్మినేటర్ సినిమాలు (భవిష్యత్తు నుంచి గతంలోకి మెషీన్లూ మనుషులూ దిగే కథలు) ఆరూ వరసపెట్టి చూసేసి, ఐదో రోజు పొద్దున్నే నేను పెసరట్టు తింటుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "మావయ్యా, మూడో పార్ట్‌లో సారా కానర్ బ్లడ్ క్యాన్సర్‌తో పోయిందన్నారు, సమాధి కూడా చూపించారు, మరి ఆరో పార్ట్‌లో గన్ను పట్టుకుని ఎట్లా దిగింది?"

నేను చాలా ధీమాగా మొదలుపెట్టా. రెండు నిమిషాల్లో ఇరుక్కుపోయా. వాడొకటి అంటే నేనొకటి, ఇద్దరం అరుచుకుంటున్నాం, పక్కన పేపర్ చదువుకుంటున్న మా నాన్నగారు (రైల్వేలో చేసి రిటైరయ్యారు, మా ఇల్లు సత్యనారాయణపురం, ఇంట్లో మాటలన్నీ బళ్ళ గురించే నడుస్తాయి) కళ్ళజోడు తీసి, "ముందు ఏ బండి ఎక్కడ బయల్దేరిందో ఎక్కడ ఆగిందో రాసుకోండ్రా, తర్వాత కొట్టుకు చద్దురు గాని" అన్నారు. ఆయన ఆ సినిమాల్లో ఒక్కటీ పూర్తిగా చూసిన పాపాన పోలేదు. కానీ పద్ధతి మాత్రం అదే, ఇప్పటిదాకా నాకు ఇంతకంటే మంచిది దొరకలేదు. ఆ రోజు మేం చేసిందే కొంచెం శుభ్రం చేసి ఇక్కడ పెడుతున్నా. సినిమాలు చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథలన్నీ చెప్పేస్తా.

మొదటి అడుగు: పార్ట్ నంబర్లు మర్చిపోండి

ఒక లాంగ్ నోట్‌బుక్, నాలుగు రంగుల పెన్నులు, ఒక పెన్సిల్ తీసుకోండి. పెన్సిల్ ఎందుకో చివర్లో చెప్తా. ఒక్కో సినిమాకి రెండు సంవత్సరాలు రాయండి, రిలీజైన ఏడాది, కథ జరిగే ఏడాది. చాలామంది ఇక్కడే జారిపోతారు, రెండూ ఒకటే అనుకుంటారు. మొదటిది 1984లో వచ్చింది, కథ కూడా 1984దే, బానే ఉంది. రెండోది, జడ్జిమెంట్ డే, 1991లో వచ్చింది కానీ కథ నడిచేది 1995లో, అదెక్కడా బోర్డు కట్టి చెప్పరు, పోలీసు కారు కంప్యూటర్‌లో సారా కొడుకు జాన్ కానర్ పుట్టిన తేదీ 1985 ఫిబ్రవరి 28, వయసు 10 అని కనిపిస్తుంది, దాన్ని బట్టి మనమే లెక్కేసుకోవాలి. మూడోది (రైజ్ ఆఫ్ ద మెషీన్స్) 2003లో వచ్చింది, కథ 2004. సాల్వేషన్ 2009లో వచ్చింది, కథ 2018. జెనిసిస్ 2015లో వచ్చింది, కథ మాత్రం 2029, 1984, 2017 అని మూడు చోట్ల తిరుగుతుంది, మధ్యలో 1973 కూడా ఉంది, దాని సంగతి విడిగా చూద్దాం. డార్క్ ఫేట్ 2019లో వచ్చింది, మొదట్లో 1998 చూపించి తర్వాత 2020కి వెళ్తుంది.

ఇవి కాక ఒక టీవీ సిరీస్ ఉంది, సారా కానర్ క్రానికల్స్, 2008, 2009ల్లో రెండు సీజన్లు, మొత్తం 31 ఎపిసోడ్లు. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో టెర్మినేటర్ జీరో అని ఎనిమిది ఎపిసోడ్ల ఆనిమే వచ్చింది. ఇవి మీరు చూడకపోయినా నోట్‌బుక్‌లో చోటు వదలండి.

రెండో అడుగు: టికెట్ల రిజిస్టర్

అసలు పనంతా ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు. టైమ్ మెషీన్‌లో ఎవరు ప్రయాణం చేసినా వాళ్ళకో టికెట్ ఉన్నట్టు అనుకోండి. నాలుగు గడులు గీయండి: ఎవరు, ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, ఎవరు పంపారు.

మొదటి సినిమాకి రెండు టికెట్లు. ఒకటి టీ-800 అనే మనిషి రూపంలో ఉన్న మెషీన్, అంటే ఆర్నాల్డ్, 2029 నుంచి 1984కి, పంపింది మనుషుల మీద యుద్ధం చేసే స్కైనెట్ అనే కంప్యూటర్, పని సారాని చంపడం. రెండోది కైల్ రీస్, అదే 2029 నుంచి అదే 1984కి, పంపింది సారా కొడుకు జాన్, పని ఆమెని కాపాడడం. రెండో సినిమాకి మళ్ళీ రెండు, టీ-1000 చంపడానికి, జాన్ ప్రోగ్రాం మార్చి పంపిన టీ-800 కాపాడడానికి. మూడోదానికీ రెండే కానీ ఎక్కిన స్టేషన్ మారింది చూడండి, ఈసారి ఆర్నాల్డ్ ఎక్కింది 2032లో, పంపింది జాన్ భార్య కేట్, ఎందుకంటే అప్పటికి జాన్‌ని చంపేసింది ఆ మెషీనే. సాల్వేషన్‌కి టికెట్లు సున్నా. మొత్తం ఆరు సినిమాల్లో టైమ్ ప్రయాణమే లేనిది అదొక్కటే, అందుకే చాలామందికి నచ్చకపోయినా నోట్‌బుక్ రాసేవాడికి మాత్రం ప్రాణానికి హాయి. డార్క్ ఫేట్‌లో కాపాడడానికి గ్రేస్ అనే సైనికురాలు 2042 నుంచి, చంపడానికి రెవ్-9 అనే మెషీన్ కూడా భవిష్యత్తు నుంచే, ఇద్దరూ 2020కి. ఇంకోటి ఉంది, 1998లో గ్వాటెమాలాలో జాన్‌ని కాల్చి చంపిన టీ-800, అది కూడా స్కైనెట్ ముందెప్పుడో పంపినదే.

ఇప్పుడు అసలు మెలిక. మా వాడు ఏమన్నాడంటే, "మొదటి సినిమాలో 2029, రెండో సినిమాలో 2029, రెండూ ఒకటే కదా మావయ్యా". నేనూ అవుననుకున్నా. నాన్నగారు మాత్రం "2029 అని రాసుంటే ఒకటే స్టేషన్ అయిపోద్దా, కొండపల్లి అని ఆదిలాబాద్ వైపు కూడా ఊళ్ళు ఉండొచ్చుగా" అన్నారు. ఆలోచిస్తే నిజమే. మొదటి సినిమాలో రీస్ పోలీసులకి చెప్తాడు, మా వెనక ఆ మెషీన్ పేల్చేశారు, ఇంకెవరూ రారు, వాడూ నేనూ అంతే అని. కానీ రెండో సినిమాకి ఇంకో ఇద్దరు దిగారు. అంటే రీస్‌కి పూర్తి సంగతి తెలీదు అనైనా అనుకోవాలి, లేదా రెండో టికెట్లు ఇంకో రకం 2029లో కొన్నవి అనైనా అనుకోవాలి. సినిమా చెప్పదు. కాబట్టి ఎక్కిన సంవత్సరం పక్కన చిన్నగా సినిమా పేరు రాయండి, "2029, మొదటి సినిమాది", "2029, రెండోదానిది" అని. ఇది చేస్తే సగం గొడవ అక్కడే సద్దుమణుగుద్ది.

ఇంకో రూల్ కూడా ఇక్కడే రాసుకోండి, ఎందుకంటే ముందు ముందు ప్రతి గొడవలోనూ పనికొస్తది. ఉత్తరం పోస్ట్ చేసినాయన పోయినా ఉత్తరం మాత్రం వచ్చి తీరుద్ది. డార్క్ ఫేట్‌లో స్కైనెట్ అసలు పుట్టనే లేదు, అయినా అది పంపిన టీ-800 వచ్చి జాన్‌ని చంపేసింది, పని అయిపోయాక ఏం చెయ్యాలో తెలీక అడవి పక్కన ఇల్లు కట్టుకుని కార్ల్ అని పేరు పెట్టుకుని కర్టెన్ల వ్యాపారం చేసుకుంటూ బతికింది. పంపినవాడు లేకుండా పోతే వచ్చినవాడు కూడా మాయమవ్వాలి కదా అని అడిగేవాళ్ళకి ఈ సిరీస్ మొత్తం మీద ఇచ్చే జవాబు ఒకటే, మాయమవ్వడు.

మూడో అడుగు: ఏ సినిమా ఏ రూలు మీద నడుస్తుందో చూడండి

టైమ్ ట్రావెల్ కథలు మూడు రకాలు. ఒకటి గానుగ, తిరిగి తిరిగి అక్కడికే వస్తది, గతంలోకి వెళ్ళి నువ్వు చేసిందే ముందు జరిగింది. రెండు పలక, తుడిచి మళ్ళీ రాస్తావ్, పాతది ఉండదు. మూడు రైలు పట్టా, పాత లైన్ అలాగే ఉంటది, నువ్వు పక్క లైన్ ఎక్కేస్తావ్.

మొదటి టెర్మినేటర్ పక్కా గానుగ, అందుకే అంత బిగుతుగా ఉంటది. జాన్ పంపిన రీసే జాన్‌కి తండ్రి. రీస్ దగ్గరున్న సారా ఫోటో తీసింది సినిమా చివర్లో పెట్రోల్ బంక్ దగ్గర ఒక కుర్రాడు, ఆ ఫోటోలో ఆమె ఆలోచిస్తున్నది రీస్ గురించే. ఆర్నాల్డ్ చితికిపోయాక మిగిలిన చెయ్యీ చిప్పూ తీసుకునే సైబర్‌డైన్ కంపెనీ స్కైనెట్ వైపు అడుగేసింది, అంటే స్కైనెట్ తన పుట్టుకకి కావలసిన విత్తనం తనే పంపుకుంది. ఎక్కడా చిల్లు లేదు. ఇక్కడ సరదా లెక్క ఒకటి. రీస్ దిగింది 1984 మే 12న, జాన్ పుట్టింది 1985 ఫిబ్రవరి 28న, మధ్యలో తొమ్మిది నెలల పదహారు రోజులు, నవమాసాల మీద ఇంకో పక్షం మోసింది పాపం.

రెండో సినిమా ఆ గానుగని విరగ్గొట్టింది. రాసిపెట్టిందేమీ లేదు, మనం రాసుకునేదే అంటుంది, సైబర్‌డైన్ బిల్డింగ్ పేల్చేసి, చిప్పూ చెయ్యీ కరిగించేసి, మంచి టీ-800 కూడా కరుగుతున్న ఉక్కులోకి దిగిపోతుంది. గానుగ కథకీ దీనికీ అస్సలు పొసగదు. గొప్ప సినిమానే, నాకు ఆరింటిలోనూ ఇష్టమైనది ఇదే, కానీ చిక్కంతా మొదలైంది ఇక్కడే అని ఒప్పుకోవాలి. సరిగ్గా అదే 1991 జూలైలో మనకి ఆదిత్య 369 వచ్చింది, అందులో కృష్ణదేవరాయల కాలానికీ వెళ్ళొచ్చారు, 2504కీ వెళ్ళొచ్చారు, ఇంటికొచ్చాక వాళ్ళమ్మా నాన్నా మారిపోలేదు, సింగీతం గారు ఆ తలనొప్పి పెట్టుకోలేదు.

నాలుగో అడుగు: జంక్షన్ ఎక్కడో గుర్తు పట్టండి

బెజవాడ స్టేషన్ గుర్తు తెచ్చుకోండి. మీరు ఒకటో ప్లాట్‌ఫాం మీద ఉన్నా పదో ప్లాట్‌ఫాం మీద ఉన్నా స్టేషన్ ఒకటే, కానీ ఇక్కడి నుంచి ఒక బండి కాజీపేట వైపు, ఒకటి గూడూరు వైపు, ఒకటి విశాఖ వైపు, ఒకటి గుంటూరు వైపు, ఒకటి గుడివాడ మీదుగా బందరు పోద్ది. తెనాలిలో దిగినవాడు ఏలూరులో దిగినవాణ్ణి చూసి "నువ్వు మా లైన్‌లో ఎందుకు కనపళ్ళేదు" అని అడగడు.

ఈ సిరీస్‌కి బెజవాడ జంక్షన్ ఏదంటే రెండో సినిమా క్లైమాక్స్. అక్కడిదాకా ఒకటే మెయిన్ లైన్, అక్కడి నుంచి మూడు లైన్లు విడిపోతాయి. పేజీ అడ్డంగా తిప్పి గీయండి.

ఒక లైన్ (ఎర్ర పెన్ను): మూడో సినిమా, దాని తర్వాత సాల్వేషన్. ఇందులో సారా 1997లో పోయింది. యుద్ధం ఆగలేదు, వాయిదా పడిందంతే. రెండో లైన్ (నీలం): టీవీ సిరీస్. ఇందులో సారా, జాన్, కామెరాన్ అనే అమ్మాయి రూపంలో ఉన్న మెషీన్ 1999 నుంచి 2007కి ముందుకి దూకేస్తారు, మధ్యలో ఎనిమిదేళ్ళు వాళ్ళు బతకనే లేదు. దీని ఆఖరి ఎపిసోడ్‌లో జాన్ భవిష్యత్తుకి వెళ్తే అక్కడ వాణ్ణి గుర్తుపట్టేవాడే ఉండడు. అక్కడే ఆపేశారు, మూడో సీజన్ రాలేదు, ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ తగ్గలేదు. మూడో లైన్ (ఆకుపచ్చ): డార్క్ ఫేట్. ఇందులో సారా బతికే ఉంది, కొడుకు పోయాడు, స్కైనెట్ లేదు, దాని బదులు లీజియన్ అని ఇంకోటి పుట్టుద్ది, ఈసారి కాపాడాల్సింది మెక్సికో సిటీలో డానీ రామోస్ అనే అమ్మాయిని. ఆమె పుట్టబోయే నాయకుడికి తల్లి కాదు, నాయకురాలు తనే.

మా వాడి ప్రశ్నకి జవాబు ఇప్పుడు మీకే తెలిసిపోయింది కదా. సమాధి ఎర్ర లైన్‌లో ఉంది, గన్ను పట్టుకున్న సారా ఆకుపచ్చ లైన్‌లో ఉంది. వాడు అయిదు సెకన్లు పేజీ చూసి "ఓ, ఆమె గూడూరు బండెక్కలేదన్నమాట" అన్నాడు.

జీరో సంగతి తేలిక. అది టోక్యోలో 1997లో జరుగుద్ది, అందులో ఒక పాత్ర గతానికి వెళ్ళిన ప్రతిసారీ కొత్త కాలం పుడుతుందని నేరుగా చెప్పేస్తుంది, కాబట్టి విడిగా ఒక చిన్న లైన్ గీసి వదిలేయండి.

ఐదో అడుగు: జెనిసిస్‌కి విడిగా ఒక పేజీ

ఇది కొరకరాని కొయ్య. మిగతావన్నీ రెండో సినిమా తర్వాత విడిపోతే ఇది మొదటి సినిమా కంటే ముందే విడిపోయింది. 1973లో, సారాకి తొమ్మిదేళ్ళప్పుడు, ఎవరో ఒక మంచి టీ-800ని పంపారు, ఆ పిల్ల దాన్ని పాప్స్ అని పిలుచుకుంటూ దాని దగ్గరే పెరిగింది. అందుకే 2029 నుంచి రీస్ 1984కి దిగేసరికి వాడికి చెప్పిన భయపడే వెయిట్రెస్ అక్కడ లేదు, ట్రక్కు వేసుకొచ్చి వీణ్ణే కాపాడింది. మొదటి సినిమా ఆర్నాల్డ్ కూడా దిగాడు, ముసలి ఆర్నాల్డ్ చేతిలో తన్నులు తిన్నాడు.

ఇక్కడ చాలామంది "మరి రీస్, సారా అప్పుడు కలవలేదు కదా, జాన్ ఎలా పుట్టాడు" అని తల పట్టుకుంటారు. పోస్ట్ చేసిన ఉత్తరం రూల్ తీయండి. ఈ సినిమాలో విలన్‌గా వచ్చే జాన్ పాత లైన్‌లో పుట్టినవాడు, అక్కడ మెషీన్‌గా మారిపోయి 2014కి దిగాడు. కొత్త లైన్‌లో వాడు పుట్టకపోయినా వాడి ఉత్తరం ముందే వచ్చేసింది. రీస్, సారా 1984 నుంచి 2017కి టైమ్ మెషీన్‌లో దూకుతారు, పాప్స్ మాత్రం మెషీన్ ఎక్కలేక ఆ 33 ఏళ్ళూ మామూలుగా, ఒక్కో రోజూ గడుపుకుంటూ వస్తాడు. రిజిస్టర్‌లో పాప్స్‌కి ఈ ప్రయాణానికి టికెట్ రాయకండి, వాడు నడిచొచ్చాడు.

ఇక 1973లో పాప్స్‌ని పంపింది ఎవరు? ఆ గడి ఖాళీగా వదిలేయండి. సినిమాలోనే చెప్పలేదు, తర్వాతి భాగాల్లో చెప్దామనుకున్నారు, ఆ భాగాలు తియ్యలేదు. మీరు చూడడంలో ఏదో మిస్సయ్యారని మళ్ళీ వెనక్కి తిప్పి చూడకండి, నేను తిప్పా, రెండు సార్లు.

ఆరో అడుగు: లైన్ తెలీకపోతే ప్రళయం తేదీ అడగండి

ఎవరైనా మధ్యలో ఏదో సీన్ చెప్పి ఇది ఏ లైన్‌ది అని అడిగితే, అందులో జడ్జిమెంట్ డే (మెషీన్లు మనుషుల మీద అణుబాంబులు వేసే రోజు) ఎప్పుడన్నారో చూడండి, చాలు. 1997 ఆగస్టు 29 అంటే మెయిన్ లైన్ (జీరో కూడా ఇదే తేదీ వాడుతుంది, దాన్ని రిలీజ్ చేసింది కూడా 2024 ఆగస్టు 29నే). 2004 జూలై అంటే ఎర్ర లైన్. 2011 ఏప్రిల్ 21 అంటే టీవీ సిరీస్. 2017 అక్టోబర్ అంటే జెనిసిస్. స్కైనెట్ పేరే ఎత్తకుండా లీజియన్ అంటే డార్క్ ఫేట్.

ఆ మొదటి తేదీ మనకి మర్చిపోయేది కాదు, ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. స్కైనెట్‌కి తెలివొచ్చింది అమెరికా తూర్పు టైమ్ ప్రకారం తెల్లవారుజామున 2:14కి, అంటే మనకి పొద్దున 11:44. శుక్రవారం. మా నాన్నగారు డ్యూటీలో ఉండుంటారు.

ఏడో అడుగు: తప్పుల్ని టైమ్‌లైన్లు అనుకోవద్దు

నోట్‌బుక్ వెనక పేజీ దీనికి పెట్టండి. ప్రతి తేడాకీ కొత్త లైన్ గీస్తూ పోతే పేజీ మొత్తం సాలెగూడైపోద్ది. మొదటి సినిమాలో రీస్ పోలీసుని తేదీ అడిగితే మే 12, గురువారం అంటాడు. 1984 మే 12 శనివారం, క్యాలెండర్ చూసుకోండి. రెండో సినిమాలో జాన్‌కి 10 ఏళ్ళు, మూడో సినిమాలో జాన్ అదే సంగతి చెప్తూ నాకప్పుడు 13 అంటాడు. రెండో సినిమాలో హాస్పిటల్ డాక్టర్ సారా వయసు 29 అంటాడు, మూడో సినిమా సమాధి మీద పుట్టిన ఏడాది 1959 అని ఉంటుంది, ఆ లెక్కన ఆమెకి 36 ఉండాలి. వీటికి సిద్ధాంతాలు అల్లేవాళ్ళని చాలామందిని చూశా, నా మటుకు నాకు ఇవి రాసినవాళ్ళు చూసుకోలేదంతే.

నేను పెట్టుకున్న కొలత ఒకటే. ఆ తేడా వెనక ఎవరైనా టికెట్ కొన్నారా? కొంటే కొత్త లైన్. ఎవరూ ప్రయాణం చెయ్యకుండానే వయసు మారితే అది తప్పు.

సాల్వేషన్‌లో ఒకటి మాత్రం నేను ఎటూ తేల్చలేకపోయా. 2018లో కుర్రాడు కైల్ రీస్‌ని పట్టుకోవాలని స్కైనెట్ చూస్తుంది, వాడే జాన్ తండ్రి అని దానికెలా తెలిసింది? సినిమా చెప్పదు.

ఎనిమిదో అడుగు: చూసే వరస

కొత్తవాళ్ళకి చూపించేటప్పుడు ఒకటి, రెండు చూపించి ఒక వారం ఆపండి. తర్వాత ఏదో ఒక్క లైన్ ఎంచుకోండి, ఒకే వారంలో రెండు లైన్లు కలపొద్దు, మా వాడు చేసిన తప్పు అదే. ఎర్ర లైన్ అయితే మూడోది, సాల్వేషన్ వరసగా. ఆకుపచ్చ అయితే రెండోది అవ్వగానే డార్క్ ఫేట్, నన్నడిగితే సారా కోసమన్నా ఇదే ముందు చూడమంటా. టైమ్ ఉన్నవాళ్ళకి టీవీ సిరీస్. జెనిసిస్ మాత్రం అందరికంటే ఆఖర్న, ఎందుకంటే మొదటి సినిమా సీన్లు మీకు నోటికి వచ్చి ఉంటేనే అందులో ఏది మారిందో తెలిసి మజా వస్తది.

ఇక పెన్సిల్ సంగతి. రెండో సినిమా చివర్లో టీ-1000తో కొట్టుకునేటప్పుడు ఆర్నాల్డ్ చెయ్యి పెద్ద మెషీన్ చక్రాల్లో ఇరుక్కుపోతే తనే తెంపుకుని లేస్తాడు. మిగతావన్నీ కరిగించారు కానీ ఆ తెగిన చెయ్యి కరిగించినట్టు ఎక్కడా చూపించలేదు. మొదటి సినిమాలో సైబర్‌డైన్‌కి దొరికింది కూడా ఇలాంటి చెయ్యే కదా అని మా వాడు, ఉక్కు ఫ్యాక్టరీలో దొరికిన ఇనప ముక్కని మళ్ళీ కొలిమిలోనే వేస్తార్రా అని నాన్నగారు, రాత్రి పదకొండు దాకా తెగలేదు. మీరు కూడా దాన్ని జంక్షన్ పక్కన పెన్సిల్‌తోనే రాసుకోండి.